బిడ్డ కళ్ల రంగుకు తల్లిని ఎందుకు నిలదీస్తారు?

తల్లివి నల్లటి కళ్లు, తండ్రివీ నల్లటి కళ్లే. బిడ్డకు తేనెరంగు కళ్లో, బూడిదరంగు కళ్లో వచ్చాయి. ఇక ఊళ్లో మొదటి చూపు తల్లి మీద పడుతుంది. 'ఎవరి పోలిక?' అని నవ్వుతూ అడిగే మాట నవ్వుతోనే ఆగిపోదు. అత్త అడిగితే దానికి ఒక అర్థం. కల్లు దుకాణం దగ్గర మగవాళ్లు అడిగితే ఇంకో అర్థం. పైకులం వాళ్లు దళితవాడ వైపు చూసి అడిగితే దాని అర్థం ఏమిటో ఇక్కడ రాయాల్సిన పని లేదు.

జైనూరు మండలంలో తిరుగుతున్నప్పుడు ఈ మాటను నేను మూడు భాషల్లో విన్నాను. తెలుగులో పిల్లికళ్లు, మరాఠీలో ఘారే డోళే, ఉర్దూలో కంజీ ఆంఖే. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఈ మండలంలో గోండులు, కొలాములు, పర్ధాన్లు, తోటీలు, లంబాడాలు, మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మహార్, మాంగ్ కుటుంబాలు, ముస్లింలు అందరూ పక్కపక్కనే బతుకుతున్నారు. ఇన్ని జాతుల మనుషులు కలిసి ఉన్న చోట 'ఎవరి రక్తం' అనే ప్రశ్న తొందరగా పుడుతుంది. దానికి జవాబు చెప్పడానికి సైన్సును కూడా సాక్షిగా పిలుస్తారు. ఇంటర్‌లో బైపీసీ చదివిన పిల్లవాడు కూడా 'ఇద్దరివీ నల్లకళ్లయితే పిల్లికళ్లు ఎట్లొస్తయ్ సార్?' అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఉంది. ఊరు అనుకునే జవాబు మాత్రం కాదు.

ముందు కంటి రంగు అంటే ఏమిటో చూద్దాం. మనం నల్లగుడ్డు అనే దానిలో నడుమ ఉన్న చిన్న రంధ్రం కనుపాప. అది అందరికీ నల్లగానే కనిపిస్తుంది. దాని చుట్టూ ఉన్న వలయం పేరు ఐరిస్, రంగు తేడా అంతా అక్కడే. ఐరిస్‌కు వెనక ఒక పొర, ముందు ఒక పొర ఉంటాయి. వెనక పొరలో మెలనిన్ అనే నల్లటి పదార్థం దాదాపు ప్రతి మనిషికీ దండిగా ఉంటుంది. తేడా ముందు పొరలో వస్తుంది. అక్కడ మెలనిన్ ఎక్కువుంటే కళ్లు ముదురు గోధుమ రంగులో, దూరానికి నల్లగా కనిపిస్తాయి. కొంచెం తగ్గితే తేనెరంగు, ఇంకా తగ్గితే ఆకుపచ్చ, బాగా తగ్గితే నీలం లేదా బూడిద రంగు. నీలికళ్లలో నీలిరంగు పదార్థం అంటూ ఏమీ ఉండదు. ముందు పొర మీద పడ్డ వెలుతురు చెదిరి నీలంగా కనిపిస్తుంది. ఆకాశంలో నీలిరంగు పోసిన వాళ్లెవరూ లేనట్టే ఇదీ. కాబట్టి పిల్లికళ్లు అంటే బయటి నుంచి వచ్చి చేరిన రంగు కాదు. అందరికీ ఉండే రంగే కొంచెం తక్కువగా తయారైంది, అంతే.

మెలనిన్‌ను తయారుచేసే కణాల సంఖ్య నల్లకళ్ల మనిషిలోనూ పిల్లికళ్ల మనిషిలోనూ పెద్దగా తేడా ఉండదు. ఆ కణాలు ఎంత పని చేస్తున్నాయన్నదే తేడా. ఆ పని ఎంత జరగాలో చెప్పేవి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే జన్యువుల జతలు.

ఇక్కడే స్కూలు పాఠం మనల్ని దారి తప్పిస్తుంది. చాలామంది బయాలజీ క్లాసులో నేర్చుకున్నది ఇది: గోధుమరంగు బహిర్గతం, నీలం అంతర్గతం. ఒక్క గోధుమ జన్యువున్నా కళ్లు గోధుమగానే ఉంటాయి, రెండూ నీలం అయితేనే నీలం. మెండెల్ బఠానీ గింజల లెక్కను తెచ్చి మనిషి కంటికి అతికించారు. 1907లో అమెరికాలో చార్లెస్ డావెన్‌పోర్ట్, ఆయన భార్య గెర్‌ట్రూడ్ కలిసి ఈ లెక్కను ప్రకటించారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో హర్స్ట్ అనే ఆయన కూడా ఇట్లాంటిదే రాశాడు. డావెన్‌పోర్ట్ తర్వాత ఏం చేశాడో దళిత విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1910లో ఆయన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో యూజెనిక్స్ రికార్డ్ ఆఫీసు పెట్టాడు. ఎవరు పిల్లల్ని కనాలి, ఎవరు కనకూడదు అని తేల్చడానికి కుటుంబాల వంశవృక్షాలను పోగేసిన ఆఫీసు అది. పేదల మీద, వికలాంగుల మీద, నల్లజాతి వాళ్ల మీద బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల చట్టాలకు ఆ ఫైళ్లు బలం ఇచ్చాయి. కళ్ల రంగు లెక్క కూడా అదే మనిషి బల్ల మీద తయారైంది. ఆ లెక్క పుట్టుక చెడ్డది కాబట్టి తప్పు అని నేను అనడం లేదు. పరీక్షకు నిలబడలేదు కాబట్టి తప్పు.

నిజానికి ఆ పాత లెక్క ప్రకారం చూసినా తల్లిని అనుమానించడానికి దారి లేదు, ఇది గమనించాలి. తల్లిదండ్రులిద్దరూ గోధుమకళ్ల వాళ్లే అయినా, ఇద్దరిలోనూ ఒక్కొక్క లేతరంగు జన్యువు దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ రెండూ చేరే అవకాశం నాలుగింట ఒకటి. అంటే బఠానీ లెక్కను ఒప్పుకున్న మనిషి కూడా నల్లకళ్ల దంపతులకు పిల్లికళ్ల బిడ్డ పుడుతుందని ఒప్పుకోవాల్సిందే. పాత లెక్క కాదనేది దాని తిరగేసిన సంగతిని: నీలికళ్ల దంపతులకు గోధుమకళ్ల బిడ్డ పుట్టకూడదు అంటుంది. అదీ నిలబడలేదు. అట్లా పుట్టిన పిల్లలు ఉన్నారు.

ఇప్పుడు తెలిసింది ఏమిటంటే, కంటి రంగు ఒక్క జన్యువు పని కాదు. 15వ క్రోమోజోమ్ మీద పక్కపక్కన ఉండే రెండు జన్యువులు, ఓసీఏ2, హెర్క్2, ఎక్కువ ప్రభావం చూపుతాయి. ఓసీఏ2 మెలనిన్ తయారయ్యే చిన్న సంచుల్లో పని చేస్తుంది. దాన్ని నడిపే స్విచ్ మాత్రం పొరుగింటి హెర్క్2 లోపల ఉంది. 2008లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో హన్స్ ఐబెర్గ్ బృందం ఆ స్విచ్‌లో ఒక్క అక్షరం మారడమే నీలికళ్లకు ముఖ్య కారణమని చూపించింది. ఆ మార్పు 6,000 నుంచి 10,000 ఏళ్ల కిందట ఒకే మనిషిలో మొదలై ఉండవచ్చని వాళ్ల అంచనా. దీని మీద టైర్, టీవైఆర్‌పీ1, ఎస్‌ఎల్‌సీ24ఏ4, ఎస్‌ఎల్‌సీ45ఏ2 లాంటి జన్యువులు తలా ఒక చెయ్యి వేస్తాయి. 2021లో దాదాపు 1,95,000 మందిని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం కంటి రంగుతో సంబంధమున్న 61 జన్యు ప్రాంతాలను గుర్తించింది. వాటిలో 50 అంతకుముందు ఎవరికీ తెలియనివి. కానీ ఆ లక్షల మందిలో ఆసియా వాళ్లు 1,636 మందే. మన కళ్ల గురించి సైన్సు చేసిన పని అంత. ఈ సంగతి గుర్తుంటే 'డీఎన్ఏలో అంతా తేలిపోతుంది' అనే మాటను కొంచెం తగ్గించి వినొచ్చు.

ఇన్ని చోట్ల నుంచి కొంచెం కొంచెం వచ్చి కలిసేటప్పుడు బిడ్డ రంగు తల్లిదండ్రుల నడుమనే ఉండాలన్న నియమం లేదు. పది చేతులు కలిపిన కూరలో ఉప్పు ఎట్లా తేలుతుందో ముందే చెప్పలేం. తల్లిలో రంగును కొంచెం తగ్గించే జన్యువులు మూడు చోట్ల, తండ్రిలో వేరే మూడు చోట్ల ఉండి, ఎవరి కళ్లలోనూ అవి బయటికి కనిపించకపోవచ్చు. ఆరూ ఒక బిడ్డకు చేరితే తేనెకళ్లు వస్తాయి. అదే ఇంట్లో తర్వాతి బిడ్డకు రెండే చేరితే నల్లకళ్లే వస్తాయి.

దాగి ఉండటం అనే మాట ఇక్కడ ముఖ్యం. బయటికి కనపడని జన్యువు ఐదు తరాలు, పది తరాలు అట్లాగే నడిచి వస్తుంది. ముత్తాత కళ్లు ఎట్లా ఉండేవో ఎవరికి గుర్తుంటుంది? మన వాడల్లో ఫోటోలు లేవు. ఉన్నా నలుపు తెలుపువే. పైకులాల ఇళ్లలో గోడ మీద తాత బొమ్మ ఉంటుంది కాబట్టి 'మా తాత కళ్లు వచ్చాయి' అని గర్వంగా చెప్పుకుంటారు. బొమ్మ లేని ఇంట్లో అదే కళ్లు నింద అవుతాయి. ఈ తేడా జన్యువులది కాదు. ఎవరి వంశానికి రికార్డు ఉంది, ఎవరి వంశానికి లేదు అన్నదే అసలు తేడా. చిత్‌పావన్ బ్రాహ్మణ కుటుంబాల్లో ఘారే డోళేను అందం కింద, వంశ గుర్తు కింద చెప్పుకోవడం మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లలో అందరికీ తెలిసిందే. అదే కళ్లు మాంగ్ వాడలో పుడితే విచారణ మొదలవుతుంది.

మేనరికం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర మేనత్త కొడుకును, మేనమామ కూతురిని చేసుకోవడం మామూలే. గోండుల్లోనూ ఈ పెళ్లి ఆచారం ఉంది. గోండుల గోత్రాలు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా ఉంటాయి, ఒకే సగలో పెళ్లి కుదరదు. జైనూరు మండలంలోని మార్లవాయిలో 1940ల్లో కాపురమున్న క్రిస్టోఫ్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ వ్యవస్థను 1948లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశాడు. సగ వేరు కాబట్టి రక్తం వేరు అని చాలామంది నమ్ముతారు. తెలుగు కులాల్లో ఇంటిపేరు వేరు, గోత్రం వేరు అని నమ్మినట్టే. కానీ సగ, గోత్రం, ఇంటిపేరు మూడూ తండ్రి వైపు గీతను ఒక్కదాన్నే లెక్కపెడతాయి. జన్యువులకు ఇంటిపేరు తెలియదు. మేనత్త కొడుకుతో మనకున్న జన్యు సంబంధం చిన్నాన్న కొడుకుతో ఉన్నంతే. ఒకరిని బావ అంటాం, ఇంకొకరిని అన్న అంటాం, అది సమాజం పెట్టుకున్న తేడా.

లెక్కగా చూద్దాం. ఒక ఊళ్లో ప్రతి 100 జన్యువుల్లో 5 లేతరంగువి అనుకుందాం. ఇది ఉదాహరణకు తీసుకున్న అంకె మాత్రమే. బంధుత్వం లేని ఇద్దరి బిడ్డకు రెండూ లేతవే చేరే అవకాశం 5 శాతంలో 5 శాతం, అంటే 400 మందిలో ఒకరు. మేనరికపు దంపతులకైతే ఒకే తాత లేక అవ్వ దగ్గర ఉన్న జన్యువు రెండు దారుల్లో వచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశం అదనంగా ఉంటుంది. లెక్క వేస్తే దాదాపు 183 మందిలో ఒకరు, రెట్టింపు కంటే ఎక్కువ. కాబట్టి మేనరికం చేసుకున్న ఇంట్లో ఎవరికీ లేని కళ్లు బిడ్డకు వస్తే, భార్య బయటికి పోయిందని అనుకోవడం కంటే భార్యాభర్తలు ఒకే ఇంటి మనుషులని అనుకోవడమే సబబు. అనుమానం తిరగాల్సిన దిక్కు పూర్తిగా ఇంకోటి.

కొన్నిసార్లు అసలు వారసత్వమే కాదు. పుట్టినప్పుడు కొందరు పిల్లల కళ్లు బూడిద ఛాయలో ఉంటాయి, మెలనిన్ తయారయ్యేకొద్దీ నెలల్లో నల్లబడతాయి. పురిటి మంచం దగ్గరే తీర్పు చెప్పేవాళ్లు ఈ కాస్త ఆగరు. ముసలివాళ్ల కళ్లలో నల్లగుడ్డు అంచున నీలం, తెలుపు కలిసిన వలయం ఏర్పడుతుంది. అది వయసుతో కంటి ముందరి పారదర్శక పొరలో చేరే కొవ్వు, కంటి రంగు కాదు. 'మా తాతకూ నీలికళ్లే' అని చెప్పే కొన్ని కథల వెనక ఉన్నది ఇదే కావచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు తెలిసి ఉండాలి. నల్లకళ్ల కుటుంబంలో బిడ్డకు మెరిసే గాఢ నీలం కళ్లు, లేదా ఒక కన్ను నీలం ఒక కన్ను నలుపు ఉంటే, నుదుటి దగ్గర జుట్టులో తెల్ల పాయ ఉంటే, ఆ బిడ్డ చెవులు పరీక్ష చేయించాలి. వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ అనే స్థితిలో కళ్ల రంగుతో పాటు పుట్టు చెవుడు రావచ్చు. ఇది కుటుంబంలో నడవొచ్చు, కొత్తగానూ రావచ్చు. చర్మం, జుట్టు, కళ్లు అన్నీ తెల్లబారి, వెలుతురు చూడలేక, కనుగుడ్లు అటూ ఇటూ కదులుతుంటే అది ఆల్బినిజం, దానికి కంటి డాక్టర్ కావాలి. చెవుడు ఆరు నెలల్లోపు తెలిస్తే మాట వచ్చే దారి ఉంటుంది. ఊరు తల్లి శీలాన్ని పరీక్షిస్తూ కూర్చుంటే బిడ్డ చెవుల పరీక్ష ఆలస్యమవుతుంది. స్కూళ్లకు, అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీములు ఈ పరీక్షలకు పంపించాలి, అది వాళ్ల పని.

ఇక మూడో అర్థం దగ్గరికి వద్దాం. తెలంగాణ గడీల్లో దొరలు వెట్టి చేసే కులాల ఆడవాళ్ల మీద చేసిన అత్యాచారాలు కథలు కావు. పెళ్లికూతురితో పాటు దాసిగా పంపించిన ఆడబాపల బతుకులు చరిత్రలో ఉన్నాయి. ఆ చరిత్రను మనం మరవకూడదు. అయితే ఆ చరిత్రనే ఎత్తుకుని, ఈరోజు దళిత ఇంట్లో పుట్టిన పిల్లికళ్ల బిడ్డను దొర గుర్తుగా చూపడం మళ్లీ అదే అవమానం. దీనిలో తర్కం కూడా లేదు. తెలంగాణ దొరల్లో ఎక్కువమందివి నల్లకళ్లే. లేతరంగు జన్యువులు ఏ ఒక్క కులం సొత్తూ కావు. దొరల హింసకు సాక్ష్యం ఆ ఆడవాళ్లు చెప్పిన మాటల్లో, భూమి కాగితాల్లో, పోరాట చరిత్రలో ఉంది. దానికోసం ఒక పసిబిడ్డ కళ్లలోకి తొంగిచూడాల్సిన పని లేదు.

ఒంటి కొలతల్లో కులాన్ని వెతికే పని ఇంగ్లిషువాళ్ల కాలంలో ప్రభుత్వ పనిగా నడిచింది. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ ముక్కు వెడల్పును కొలిచి, కులం పైకి పోయేకొద్దీ ముక్కు సన్నబడుతుందన్నాడు. మద్రాసులో ఎడ్గర్ థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకుని తిరిగి 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. కళ్ల రంగు, చర్మం రంగు కూడా ఆ పట్టికల్లో గళ్లు. అంబేడ్కర్ ఈ పట్టికలకు దూరంగా ఉండలేదు, వాటినే తీసి తిరగేశాడు. 1948లో వచ్చిన అంటరానివాళ్ల మీది పుస్తకంలో ఘుర్యే ఇచ్చిన ముక్కు కొలతలను పక్కపక్కన పెట్టి, బ్రాహ్మణులు, అంటరానివాళ్లు వేర్వేరు జాతులని ఆ కొలతలు చూపడం లేదని వాదించాడు. ఒకరు ఆర్యులైతే ఇంకొకరూ ఆర్యులే, ఒకరు ద్రావిడులైతే ఇంకొకరూ ద్రావిడులే అన్నది ఆయన తేల్చిన మాట. అంతకు చాలా ముందు, 1916 మే 9న కొలంబియాలో చదివిన పత్రంలోనే, కులాన్ని నిలబెట్టేది జాతి కాదు, సొంత కులంలోనే పెళ్లి చేసుకునే కట్టు అని చెప్పాడు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీలో తంగరాజ్, అమెరికాలో డేవిడ్ రైక్ బృందాలు కలిసి 2009లో, 2013లో ప్రకటించిన పరిశోధనలు ఈ రెండో మాటకు దగ్గరగా వస్తాయి. ఉపఖండంలో దాదాపు ప్రతి సమూహమూ కలిసినదే. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా సాగి, తర్వాత పెళ్లిళ్ల కట్టు బిగిసి ఆగిపోయింది. కలయిక పాళ్లు సమూహాన్ని బట్టి మారతాయి, దాన్ని దాచాల్సిన పనీ లేదు. కానీ కలవనివాళ్లు అంటూ లేరు. జైనూరు బిడ్డ కళ్లలో కనిపించే లేతరంగు నిన్నటి రహస్యం కానక్కర్లేదు. అంత పాత కలయికల నుంచి నడిచి వచ్చిన దారి కావచ్చు.

ఇంత సేపు కళ్ల గురించి చెప్పాను కానీ, జైనూరులో వారసత్వం ప్రాణం మీదికి వచ్చేది కంట్లో కాదు, రక్తంలో. సికిల్‌సెల్. ఇది నిజంగా ఒక్క జన్యువు పని. 11వ క్రోమోజోమ్ మీది బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారితే ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. ఒక్క జన్యువు మారినవాళ్లు ఏఎస్, వాహకులు. వాళ్లకు మామూలుగా రోగం ఉండదు, పైగా చిన్నతనంలో ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా అడవుల్లో బతికిన జనంలో ఈ మార్పు నిలిచిపోవడానికి కారణం అదే. రెండూ మారినవాళ్లు ఎస్‌ఎస్, వాళ్లకు రోగం ఉంటుంది. కీళ్లు, ఎముకలు పగిలిపోయేంత నొప్పి, మాటిమాటికీ జ్వరం, రక్తహీనత. ఇద్దరు ఏఎస్ వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ రోగం వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదని కాదు, ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బఠానీ లెక్క కంటికి సరిపోలేదు గానీ ఇక్కడ సరిపోతుంది.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన లక్ష్యం. పరీక్ష చేసినవాళ్లకు రంగుల కార్డులు ఇస్తున్నారు, పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ చూసుకోమంటున్నారు. జాతకాల బదులు కార్డులు చూడటం మంచిదే. కానీ కార్డు చేతికొచ్చాక ఎవరి సంబంధం తప్పిపోతుంది? వాహకుడైన కొడుకుకు ఏమీ కాదు, వాహకురాలైన కూతురికి 'రక్తం బాగలేదు' అన్న పేరొస్తుంది. ఇద్దరూ వాహకులైనప్పుడే జాగ్రత్త కావాలి, ఒక్కరైతే పెళ్లికి అడ్డమే లేదు. ఈ ఒక్క వాక్యం ప్రతి కార్డు మీదా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇంకో తప్పు కూడా జరుగుతోంది. సికిల్‌సెల్‌ను ఆదివాసీల రోగం అని రాసి వదిలేస్తున్నారు. విదర్భలో మహార్ కుటుంబాల్లో ఇది ఉందని అధ్యయనాలు ఎప్పుడో చెప్పాయి. ఆ కుటుంబాల చుట్టాలు, సంబంధాలు ప్రాణహిత, పెన్‌గంగ దాటి మన వైపు ఉన్నాయి. శిబిరం గూడెంలో పెట్టి పక్కనున్న ఎస్సీ వాడను వదిలేస్తే, ఆ వాడ పిల్లవాడి కీళ్ల నొప్పికి ఏళ్లపాటు కీళ్లవాతం మందులే దొరుకుతాయి.

ఇప్పుడు తల్లి సంగతికి మళ్లీ రావాలి, ఎందుకంటే రక్తపరీక్ష కూడా ఆమె మీదికే తిరగగలదు. బిడ్డకు సికిల్‌సెల్ రోగం అని తేలింది, తల్లి ఏఎస్. తండ్రికి సాల్యుబిలిటీ పరీక్ష చేస్తే సికిల్ లేదని వచ్చింది. రెండు జన్యువులు కావాలి కదా, రెండోది ఎక్కడిది అని ఇంట్లో గొడవ లేస్తుంది. చాలాసార్లు జవాబు తండ్రి రక్తంలోనే ఉంటుంది. ఆయన బీటా తలసీమియా వాహకుడై ఉండొచ్చు. తల్లి నుంచి సికిల్, తండ్రి నుంచి తలసీమియా చేరితే బిడ్డకు సికిల్ బీటా తలసీమియా వస్తుంది, అది సికిల్‌సెల్ లాగే బాధ పెడుతుంది. సాల్యుబిలిటీ పరీక్షకు తలసీమియా కనపడదు. ఏఎస్‌కూ ఎస్‌ఎస్‌కూ తేడా కూడా అది చెప్పలేదు. ఆరు నెలల లోపు పసిబిడ్డలో దాన్ని నమ్మడానికి వీల్లేదు. అన్నీ విడదీసి చెప్పేది హెచ్‌పీఎల్‌సీ. అందులో హెచ్‌బీఏ2 అనే అంకె 3.5 శాతం దాటితే తలసీమియా వాహకత్వాన్ని అనుమానించాలి. ఈ మధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ సంగతి ముందే ల్యాబులో చెప్పాలి, లేకపోతే అంకెలు తారుమారవుతాయి.

భర్త డీఎన్ఏ పరీక్ష కావాలని కోర్టుకు పోతానని బెదిరిస్తే, భార్య తరఫున నిలబడే కార్యకర్తకు తెలియాల్సిన సంగతి: పెళ్లి బంధం ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అని చట్టం తీసుకుంటుంది. పాత సాక్ష్య చట్టం 112వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ 116వ సెక్షన్ ఇదే చెబుతాయి. ఆ కాలంలో ఇద్దరూ కలిసే అవకాశమే లేదని చూపించగలిగితేనే ఇది తప్పుతుంది. అనుమానం ఉందని అడిగినంత మాత్రాన రక్తపరీక్షకు ఆదేశించకూడదని సుప్రీంకోర్టు 1993లో గౌతమ్ కుందూ కేసులో చెప్పింది. భార్యాభర్తల తగాదాలో బిడ్డకు డీఎన్ఏ పరీక్షను మామూలు వ్యవహారంగా చేయకూడదని 2023లో అపర్ణా ఫిరోదియా కేసులో మళ్లీ చెప్పింది. కళ్ల రంగు ఈ లెక్కలో ఎక్కడా సాక్ష్యం కాదు.

బిడ్డకు సికిల్‌సెల్ అని తేలిన ఇంట్లో తల్లికి ఒక్కదానికే కాక తండ్రికి కూడా హెచ్‌పీఎల్‌సీ రాయమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌ను అడగండి. రిపోర్టు కాగితం ఇంటికి తెచ్చుకోండి, కార్డు ఒక్కటే చాలదు. ఎస్‌ఎస్ అయినా, సికిల్ బీటా తలసీమియా అయినా హైడ్రాక్సీయూరియా గురించి అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్‌సెల్ రోగం కూడా ఉంది కాబట్టి వికలాంగుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టించండి. నాన్న రాకపోతే ఆశా కార్యకర్తను పంపి పిలిపించండి, ఆయన రక్తం కూడా కావాలి.